నాగరికతల సంఘర్షణకు ముందు: హంటింగ్టన్ గ్రంథాలలో శాంతిభద్రతలు, ప్రజాతీర్పు

శామ్యూల్ హంటింగ్టన్ పేరు వినగానే ముస్లిం విద్యావంతులకు స్ఫురించేది ఒకే ఒక గ్రంథం. అది 1996లో వెలువడిన ‘నాగరికతల సంఘర్షణ’. 1993లో ‘ఫారిన్ అఫైర్స్’ పత్రికలో అది వ్యాసరూపంలో వచ్చినప్పుడు శీర్షిక చివర ప్రశ్నార్థకం ఉండేది. గ్రంథమయ్యేసరికి ఆ ప్రశ్నార్థకం కాస్తా మాయమైంది. అప్పటినుండి దానిపై ఖండనలకు కొదవ లేదు. అది నాగరికతల సంఘర్షణ కాదు, అజ్ఞానాల సంఘర్షణ అని ఎడ్వర్డ్ సయీద్ 2001లో తీసిపారేశాడు. కోట్లాది ముస్లింలు నివసించే భారతదేశాన్ని ‘హిందూ నాగరికత’ అనే ఒక్క గాటన కట్టివేయడం ఎంత అసంబద్ధమో అమర్త్యసేన్ 2006లో నిరూపించాడు. ఈ ఖండనలు చాలవరకు సమంజసమైనవే. కాని వీటివల్ల ఒక నష్టమూ జరిగింది. ఇస్లాంను గురించి హంటింగ్టన్ ఏమన్నాడన్న ప్రశ్న దగ్గరే చర్చ నిలిచిపోయింది. ప్రజల తీర్పును గురించి ఆయన ఏమనుకున్నాడన్నది అంతకంటె మౌలికమైన ప్రశ్న. దానికి సమాధానం కావాలంటే ఆ గ్రంథానికి ముందు ఆయన వ్రాసిన రెండు గ్రంథాలను తెరిచి చూడవలసి ఉంటుంది.

హంటింగ్టన్ కేవలం తరగతి గదికి పరిమితమైన ఆచార్యుడు కాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో బోధిస్తూనే 1977-78లో కార్టర్ ప్రభుత్వపు జాతీయ భద్రతా మండలిలో పనిచేశాడు. అంతకుముందు 1975లో ట్రైలాటరల్ కమిషన్ కోసం మరి ఇద్దరితో కలిసి వ్రాసిన నివేదికలో, అమెరికాకు పట్టిన జబ్బు ప్రజాస్వామ్యం మితిమీరడమేనన్న ధోరణిలో వాదించాడు. 2008లో మరణించేవరకూ ఆయన వ్రాతలను విద్యార్థులకంటె విదేశాంగ శాఖల అధికారులే ఎక్కువ శ్రద్ధగా చదివారంటే అతిశయోక్తి కాబోదు. కనుక ఆయన పుస్తకంలోని పొరపాటు పుస్తకంలోనే ఉండిపోయే పొరపాటు కాదు.

మొదటి గ్రంథం 1968లో వచ్చిన ‘పొలిటికల్ ఆర్డర్ ఇన్ ఛేంజింగ్ సొసైటీస్’. మారుతున్న సమాజాలలో రాజకీయ సుస్థిరత ఎలా ఏర్పడుతుందన్నది దాని విషయం. పరిశ్రమలు, చదువు, పట్టణాలు పెరిగితే ప్రజాస్వామ్యం దానంతట అదే వస్తుందని ఆనాటి అమెరికన్ పండితులు ధీమాగా ఉండేవారు. హంటింగ్టన్ ఆ ధీమాను చెదరగొట్టాడు. చదువుకున్నవారు, పట్నాలకు వచ్చినవారు, ఆశలు పెంచుకున్నవారు పెరుగుతూ ఉంటే, వారి కోరికలను ఇముడ్చుకోగల పార్టీలు, చట్టసభలు, న్యాయస్థానాలు ఆ వేగంతో పెరగకపోతే, వచ్చేది ప్రజాస్వామ్యం కాదు, అరాచకం, దాని వెనుకనే సైనిక పాలన అన్నాడు. ఒక సంస్థ గట్టిదా కాదా అని తేల్చడానికి నాలుగు గీటురాళ్ళు చూపాడు: మారుతున్న కాలానికి సర్దుకోగల శక్తి, బహుముఖమైన నిర్మాణం, వ్యక్తులకూ వర్గాలకూ లొంగని స్వతంత్రత, అంతర్గత ఐక్యత. ఈ భాగం ఈనాటికీ విలువైనది. ముస్లిం దేశాల రాజకీయాలను అధ్యయనం చేసేవారు తప్పక చదవదగినది కూడా.

చిక్కు ఆ తర్వాతి మెట్టు దగ్గర వచ్చింది. దేశాల మధ్య అసలు తేడా ప్రభుత్వం ఏ రూపంలో ఉన్నదన్నది కాదు, ప్రభుత్వం ఎంత గట్టిగా ఉన్నదన్నదే అని ఆయన తీర్మానించాడు. ఆ లెక్కన అమెరికా, బ్రిటన్, సోవియట్ రష్యాలు ఒక కోవలోకి వచ్చాయి. ప్రచ్ఛన్న యుద్ధం సాగుతున్న రోజులలో అమెరికన్ ఆచార్యుడొకడు ఈ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి. అయితే ఆ మాటకు మరో అర్థం కూడా ఉంది. ప్రభుత్వం గట్టిగా ఉండడమే ముఖ్యమైతే, అది ప్రజల అంగీకారంతో ఏర్పడిందా లేదా అన్న ప్రశ్న రెండో వరుసలోకి జారిపోతుంది. ఆ జారుడు ఎక్కడికి చేర్చిందో ఆయన ఎంచుకున్న ఉదాహరణే చెబుతుంది.

ఆ ఉదాహరణ పాకిస్తాన్ సైనికాధ్యక్షుడు అయూబ్‌ఖాన్. రెండవ ప్రపంచ యుద్ధానంతరం అభివృద్ధి చెందుతున్న దేశాలలో ప్రాచీన గ్రీకు శాసనకర్తలైన సోలన్, లైకర్గస్‌ల స్థానానికి దాపుగా వచ్చిన నాయకుడు అయూబేనని హంటింగ్టన్ ప్రశంసించాడు. 1958 అక్టోబరులో సైనిక శాసనం ద్వారా అధికారంలోకి వచ్చిన అయూబ్ మరుసటి సంవత్సరం ‘బేసిక్ డెమోక్రసీస్’ అనే పద్ధతిని ప్రవేశపెట్టాడు. రెండు పాకిస్తాన్‌లలోనూ కలిపి 80,000 మంది స్థానిక ప్రతినిధులు ఎన్నిక కావాలి, అధ్యక్షుణ్ణి వారే ఎన్నుకోవాలి. 1960 ఫిబ్రవరిలో వారిలో 95 శాతానికి పైగా అయూబ్‌పై విశ్వాసం ప్రకటించారు. పల్లెలను రాజ్యయంత్రానికి జోడించిన సంస్థాగత నిర్మాణమని గ్రంథకర్త దీనిని మెచ్చుకున్నాడు. పదికోట్ల మంది ప్రజల తరఫున 80,000 మందే ఓటు వేయడంలోని సౌలభ్యం ఎవరిదో ఆయన విచారించలేదు. అంత కొద్దిమందిని ప్రలోభపెట్టడం గాని, బెదిరించడం గాని జిల్లా అధికారికి పెద్ద పని కాదు.

1965 జనవరిలో ఈ యంత్రానికి పరీక్ష వచ్చింది. జిన్నా సోదరి ఫాతిమా జిన్నా అయూబ్‌కు ఎదురు నిలిచింది. ఇక్కడ ‘నాగరికత’ వాదులందరూ గమనించదగిన విశేషం ఒకటున్నది. స్త్రీ రాజ్యాధినేత కావడం ధర్మసమ్మతం కాదన్న అభిప్రాయం గల మౌలానా మౌదూదీ, ఆయన నాయకత్వంలోని జమాఅతె ఇస్లామీ, నియంతృత్వం కంటె ఇదే మేలని నిశ్చయించి ఆమెకు మద్దతు ఇచ్చారు. సిద్ధాంతం రాజకీయావసరం ముందు ఎట్లా వంగుతుందో, ప్రజాభీష్టం ఒత్తిడి మతసంస్థలను సైతం ఏ దారికి తెస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటె మంచి నిదర్శనం దొరకదు. ఆమెకు కరాచీలో ఆధిక్యత లభించింది. అయినా 80,000 మంది లెక్కలో అయూబ్ సుమారు 64 శాతంతో గెలిచాడు.

గ్రంథం వెలువడిన 1968లోనే అయూబ్ ప్రభుత్వం తన ‘అభివృద్ధి దశాబ్దాన్ని’ ఆర్భాటంగా జరుపుకున్నది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఆ ప్రభుత్వపు ఆర్థికవేత్త మహబూబుల్ హఖ్ ఒక ఉపన్యాసంలో, దేశంలోని పరిశ్రమలలో 66 శాతం, బ్యాంకింగ్‌లో 80 శాతం 22 కుటుంబాల గుప్పిట్లో ఉన్నాయని బయటపెట్టాడు. నవంబరులో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 1969 మార్చి 25న అయూబ్ దిగిపోయాడు. దిగిపోయిన తీరు మరీ విచిత్రం. ఆయనే వ్రాయించిన 1962 రాజ్యాంగం ప్రకారం అధ్యక్ష బాధ్యత జాతీయ సభ స్పీకరుకు చేరాలి. ఆయన దానిని సైన్యాధిపతి యాహ్యాఖాన్ చేతిలో పెట్టాడు. సోలన్‌తో పోల్చబడిన శాసనకర్త తన శాసనాన్ని తానే చెల్లనిదిగా చేశాడన్నమాట. గ్రంథం అచ్చయి అప్పటికి ఏడాది కాస్త అటూ ఇటూ.

ఇంతటి మేధావి ఇంత తేలికగా ఎట్లా మోసపోయాడు? ఆయన చూపిన నాలుగు గీటురాళ్ళలో ఏ ఒక్కదాని మీద గీసి చూసినా అయూబ్ కట్టడం తేలిపోయేది. స్వతంత్రత లేదు, అంతా ఒక వ్యక్తి మీద ఆధారపడింది. ఐక్యత లేదు, జనాభాలో సగానికి పైగా ఉన్న తూర్పు బెంగాల్ తనను వలసగా చూస్తున్నారని గోల పెడుతోంది. కాబట్టి సిద్ధాంతంలో లోపం ఉన్నా లేకపోయినా, దానిని ప్రయోగించిన కంటిలో మాత్రం లోపం ఉంది. పాకిస్తాన్ ఆనాడు సీటో, సెంటో కూటములలో అమెరికా మిత్రరాజ్యం. పెషావర్ సమీపంలో అమెరికా గూఢచర్య స్థావరం పనిచేస్తుండేది. 1960 మే 1న రష్యా నేలపై కూలిన యూ-2 విమానం బయలుదేరినది పెషావర్ నుండే. వాషింగ్టన్ నుండి చూసినప్పుడు రావల్పిండిలో కనిపించినది ఒక నమ్మకమైన కాపలాదారు. కాపలాదారు నిలకడను దేశం నిలకడగా భ్రమించడం అక్కడ పుట్టింది.

ఆ భ్రమకు చెల్లించిన మూల్యం 1971లో తేలింది. 1970 డిసెంబరులో పాకిస్తాన్ చరిత్రలో మొదటిసారిగా వయోజన ఓటింగుతో సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. 300 సాధారణ స్థానాలలో అవామీ లీగ్‌కు 160, భుట్టో పార్టీకి 81 వచ్చాయి. తీర్పులో సందేహానికి తావు లేదు. మార్చి 3న జరగవలసిన సభను మార్చి 1న వాయిదా వేశారు; మార్చి 25 రాత్రి ఢాకాపై సైన్యాన్ని వదిలారు. అమెరికా తరఫున ఢాకాలో కాన్సల్ జనరల్‌గా ఉన్న ఆర్చర్ బ్లడ్, ఆయన సహోద్యోగులు ఏప్రిల్ 6న వాషింగ్టన్‌కు తంతి పంపి తమ ప్రభుత్వ వైఖరితో విభేదించారు. ప్రజాస్వామ్యాన్ని అణచివేస్తూ ఉంటే ఖండించలేకపోయామని వారి ఫిర్యాదు. బ్లడ్‌ను అక్కడినుండి తప్పించారు. నిక్సన్, కిసింజర్‌లకు ఆనాడు యాహ్యాఖాన్ చైనాకు దారి. జూలైలో కిసింజర్ రహస్యంగా పెకింగ్ చేరినది ఇస్లామాబాద్ మీదుగానే. కోటి మందికి దగ్గరగా శరణార్థులు భారతదేశంలోకి వచ్చారు. డిసెంబరులో యుద్ధం వచ్చినప్పుడు పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి సమీపాన మునిగిపోయింది. ఆంధ్రదేశపు సముద్రతీరానికి సైతం ఆ ‘సుస్థిరత’ సెగ తగిలిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇదంతా అమెరికా నేరంగా మాత్రమే వ్రాసి ఊరుకుంటే సత్యానికి ద్రోహం చేసినట్లే. 1971 డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో కాల్పుల విరమణ తీర్మానానికి అనుకూలంగా 104 ఓట్లు, వ్యతిరేకంగా 11 వచ్చాయి. అంతకు ముందు తొమ్మిది నెలల మారణకాండపై ఈ సభకు ఇంత తొందర కలుగలేదు. ముస్లిం ప్రభుత్వాలలో అత్యధికం యాహ్యాఖాన్ పక్షాన నిలిచాయి. చంపబడినవారిలో అసంఖ్యాకులు ముస్లింలే అన్న సంగతి ఇస్లామీయ ఐక్యత మాట ముందు వెలవెలబోయింది. బంగ్లాదేశ్‌ను పాకిస్తాన్ గుర్తించి, లాహోర్ ఇస్లామీయ శిఖరాగ్ర సభలో దానికి చోటు దొరికేసరికి 1974 ఫిబ్రవరి వచ్చింది. హంటింగ్టన్‌ను ఖండించే గ్రంథాలలో ఈ అధ్యాయం అంతగా కనిపించకపోవడం గమనార్హం.

రెండవ గ్రంథం ‘ది థర్డ్ వేవ్’ 1991లో వచ్చింది. 1974 ఏప్రిల్‌లో పోర్చుగల్‌తో మొదలై 1990 నాటికి 30 దేశాలను తాకిన ప్రజాస్వామ్య తరంగాన్ని అందులో ఆయన వర్ణించాడు. ఆయన గ్రంథాలన్నిటిలోకీ నిగ్రహమైన గ్రంథమిది. ఒకప్పుడు కాథలిక్ మతం ప్రజాస్వామ్యానికి పడదని పండితులు ఘంటాపథంగా చెప్పేవారనీ, 1960లలో వాటికన్ మహాసభ తర్వాత అదే చర్చి నియంతలకు ఎదురు నిలిచిందనీ, మూడవ తరంగం ప్రధానంగా కాథలిక్ దేశాల తరంగమనీ చూపాడు. ఇస్లాంలోనూ ప్రజాస్వామ్యానికి అనుకూలమైన అంశాలు, ప్రతికూలమైన అంశాలు రెండూ ఉన్నాయన్నాడు. సంస్కృతులు మారుతాయి, మారకపోవడానికి అవి రాతిశిలలు కావు అన్నదే ఆ వాదన సారం. 1991లో ఇట్లా వ్రాసిన మనిషి 1993కల్లా సంస్కృతులను కోటగోడలుగా ఎట్లా చూడగలిగాడన్నది ఆయన విమర్శకులు అడగవలసిన ప్రశ్న.

ఆ రెండు సంవత్సరాల నడుమ అల్జీరియా ఉన్నది. 1991 డిసెంబరు 26న జరిగిన మొదటి విడత ఎన్నికలో తేలిన 231 స్థానాలలో ఇస్లామిక్ సాల్వేషన్ ఫ్రంట్‌కు 188 వచ్చాయి. జనవరి 16న జరగవలసిన రెండవ విడత జరగనే లేదు. జనవరి 11న అధ్యక్షుడు షాద్లీ చేత రాజీనామా చేయించి సైన్యం ఎన్నికలను రద్దు చేసింది. ఆ తర్వాత దశాబ్దంపాటు దేశం రక్తసిక్తమైంది. అమెరికా విదేశాంగ శాఖ అధికారి ఎడ్వర్డ్ జెరేజియన్ అదే జూన్‌లో చేసిన ప్రసంగంలో, మనిషికో ఓటు అన్నది ఒక్కసారికే పరిమితం చేసే వారిని తాము సమర్థించబోమన్నాడు. ఈ భయం పూర్తిగా కల్పితం కాదు. ఆ ఫ్రంట్ నాయకుడు అలీ బెల్హాజ్ ప్రజాస్వామ్యాన్ని అవిశ్వాసంగా బహిరంగంగానే నిందించాడు. అయితే రెండవసారి ఎన్నికలు జరపరేమోనన్న అనుమానంతో మొదటిసారి ఎన్నికనే రద్దు చేయడం, దొంగతనం జరుగుతుందేమోనని ఇంటిని తగులబెట్టుకోవడం వంటిది. ఇది జరిగిన సంవత్సరమే, అక్టోబరులో, హంటింగ్టన్ నాగరికతల సంఘర్షణపై తన మొదటి ఉపన్యాసం ఇచ్చాడు.

మూడవ గ్రంథంపై ఇక్కడ ఎక్కువ చెప్పనవసరం లేదు. దానిని చదవకుండా తిట్టేవారి కోసం ఒక్క మాట మాత్రం అవసరం: ఇతర నాగరికతల వ్యవహారాలలో పాశ్చాత్య దేశాలు జోక్యం చేసుకోకుండా ఉండడమే ప్రపంచశాంతికి తొలి షరతు అని ఆయన అందులో వ్రాశాడు. ముస్లిం దేశాలపై దండెత్తమని ఆయన బోధించలేదు. ఆయన దోషం వేరు. ఈ దేశాలలో ప్రజాపాలన వేళ్ళూనకపోవడానికి కారణాలను మత సంస్కృతిలో వెదికినంతగా విదేశాంగ విధానంలో వెదకలేదు. 1953 ఆగస్టులో ఇరాన్‌లో ముసద్దిఖ్ ప్రభుత్వాన్ని కూల్చడంలో తన పాత్రను అమెరికా గూఢచారి సంస్థ 2013లో బయటపెట్టిన పత్రాలలో అంగీకరించింది. తేహ్రాన్ సంస్కృతిని గురించి ఎన్ని పేజీలు వ్రాసినా ఆ ఒక్క ఆగస్టును దాటవేస్తే ఆ చరిత్ర చరిత్ర కాదు. ఇక సంస్కృతి లెక్కలే కావాలంటే, పిప్పా నోరిస్, రొనాల్డ్ ఇంగిల్‌హార్ట్‌లు 2003లో వివిధ దేశాల ప్రజాభిప్రాయాలను పోల్చి ప్రచురించిన ఫలితాలున్నాయి. ప్రజాస్వామ్యంపై మక్కువలో ముస్లిం సమాజాలకూ పాశ్చాత్య సమాజాలకూ చెప్పుకోదగిన తేడా లేదు. పెద్ద తేడా కనిపించినది స్త్రీల సమానత్వం విషయంలో. మొదటి సగాన్ని ముస్లిం పత్రికలు ఇష్టంగా ఉదహరించాయి. రెండవ సగం కూడా అదే పుటలలో ఉన్నది.

ముస్లిం రచయితల ప్రత్యుత్తరాలలో తరచు కనిపించే దారి మరొకటి ఉన్నది: షూరాయే ప్రజాస్వామ్యం, అది పద్నాలుగు శతాబ్దాల క్రితమే ఉన్నది, కనుక నేర్చుకోవలసినది లేదు అన్నది. సంప్రదింపు ఉత్తమమైన సూత్రమే. కాని ఎవరిని సంప్రదించాలి, సంప్రదించకపోతే పాలకుణ్ణి ఎవరు ఆపాలి, ఓడిన పాలకుడు ఏ తేదీన గద్దె దిగాలి అన్న ప్రశ్నలకు సూత్రం ఒక్కటే సమాధానం చెప్పజాలదు. సంస్థలు చెప్పాలి. ఇక్కడ 1968 నాటి హంటింగ్టన్ ఈ రచయితలకంటె ఎంతో ముందున్నాడు. ఈజిప్టులో 2012 నవంబరులో అధ్యక్షుడు ముర్సీ తన ఆజ్ఞలను న్యాయస్థానాల పరిధికి అతీతం చేసుకున్నప్పుడు ఆయనకు ఈ మాట చెప్పగలవారు ఆయన చుట్టూ లేకపోయారు. 2013 జూలై 3న సైన్యం ఆయనను పదవీచ్యుతుణ్ణి చేసింది. సైనిక కుట్ర అని పేరు పెడితే తమ చట్టం ప్రకారం సంవత్సరానికి 130 కోట్ల డాలర్ల సైనిక సహాయం ఆగిపోతుంది కనుక అమెరికా ఆ పేరు పెట్టకుండానే కాలం గడిపింది.

ప్రజాస్వామ్యం స్థిరపడిందా లేదా అని తేల్చడానికి ‘థర్డ్ వేవ్’లో ఒక పరీక్ష ఉన్నది: ఎన్నికల ద్వారా అధికారం రెండుసార్లు చేతులు మారాలి. 1999లో స్వేచ్ఛగా ఎన్నికలు జరుపుకున్న ఇండోనేషియా ఆ తర్వాత ఇటువంటి మార్పిడులను చూసింది. ప్రపంచంలో అత్యధిక ముస్లిం జనాభా గల దేశం అదే. బంగ్లాదేశ్ కూడా 1996, 2001లలో ఆ పరీక్షలో నెగ్గింది. కాని 2011లో ఎన్నికల వేళ తటస్థ ప్రభుత్వం ఉండే ఏర్పాటును రద్దు చేశారు. 2014లో 300 స్థానాలలో 153 పోటీ లేకుండానే నిండాయి. 2024 ఆగస్టులో విద్యార్థుల తిరుగుబాటుతో ప్రధాని దేశం విడిచిపోయింది. పరీక్షలో ఒకసారి నెగ్గినవారు మళ్ళీ తప్పవచ్చునని గ్రంథకర్త ఊహించలేదు.

ఈ ప్రశ్నలన్నీ ఒక్కచోట ముడిపడినది ట్యునీషియాలో. అక్కడి నహ్దా పార్టీ 2011లో గెలిచింది, 2014 ఎన్నికలలో ఓడింది, ఓటమిని అంగీకరించింది. ఒక్కసారికే ఓటు అన్న జెరేజియన్ అనుమానం ఆ పార్టీ విషయంలో నిజం కాలేదు. 2021 జూలై 25న పార్లమెంటును స్తంభింపజేసినవాడు ఇస్లామీయ పార్టీ నాయకుడు కాడు, రాజ్యాంగ శాస్త్రం బోధించి అధ్యక్షుడైన ఖైస్ సయీద్. రెండేళ్ళ తర్వాత, ప్రతిపక్ష నాయకులు జైళ్ళలో ఉండగా, 2023 జూలై 16న యూరోపియన్ యూనియన్ ఆయనతో ఒప్పందపత్రం వ్రాసుకున్నది. సముద్రం దాటి వచ్చే వలసజనాన్ని ఆపడానికి అందులో 10.5 కోట్ల యూరోలు కేటాయించింది. పెషావర్ స్థావరం నాటి కాపలాదారు మళ్ళీ దొరికాడు. ఈసారి కాపలా గూఢచర్య విమానాలకు కాదు, చేపల పడవలలో వచ్చే నిరుపేదలకు అడ్డంగా.

అయినా 2021లో జరిగినదానికి యూరప్‌ను నిందించి లాభం లేదు. పార్లమెంటు ఎన్నికైన సంవత్సరంలోగా రాజ్యాంగ న్యాయస్థానాన్ని ఏర్పాటు చేయాలని 2014 రాజ్యాంగం విధించింది. దానికి నలుగురు న్యాయమూర్తులను పార్లమెంటు ఎన్నుకోవాలి. తమవాళ్ళే ఉండాలని పార్టీలు పట్టుబట్టి, సంవత్సరాల తరబడి ఒక్కరిని మాత్రమే ఎన్నుకోగలిగాయి. అధ్యక్షుడు 80వ అధికరణాన్ని చూపి సభకు తాళం వేసినప్పుడు, ఆ అధికరణం అందుకు అధికారమిస్తుందా లేదా అని తేల్చవలసిన న్యాయస్థానం ఆ దేశంలో లేదు.